జంట బండి

పని ఎక్కడికి పోతే ఇల్లూ అక్కడికే పోవాల్సిన రోజులొచ్చాక, అనకాపల్లి హైవే పొడవునా చక్రాల మీద కదిలే బండిళ్ళ షోరూములే వెలిశాయి. గౌరీశ్వరి, ఆమె భర్త పైడిరాజు పొద్దుటినుంచి నాలుగు షోరూములు తిరిగారు. ఐదోది వాళ్ళు పనిచేసే కంపెనీదే. అక్కడ తమకు అందే ధరలో ఒక బండిల్లు దొరికింది. తలుపు మీద ‘జంటలకు’ అని రాసి ఉంది. స్టవ్వు, సింకు, మడత బల్ల అన్నీ బాగున్నాయి. గౌరీశ్వరి మోచేత్తో మంచం వెడల్పు కొలిచింది. మూరన్నర.

“రెండో మంచం ఏదండీ?”

“ఒకటేనమ్మా,” అన్నాడు సేల్స్‌మన్, చేతిలోని ట్యాబ్ చూస్తూ. “మీది పగలు డ్యూటీ, సార్‌ది రాత్రి డ్యూటీ. ఇద్దరూ ఒకేసారి పడుకోరు కదా. అందుకే ఈ ధరకి వస్తోంది.”

గౌరీశ్వరికి ఒళ్ళు మండిపోయింది.

“ఆ డ్యూటీలేసింది ఎవులు? మీ కంపెనీయే కదా. మమ్మల్ని ఇడదీసిందీ మీరే, ఆ వంకెట్టుకొని మంచం కోసీసిందీ మీరే. మళ్ళీ తలుపు మీద జంటలకని రాత ఒకటి.”

“కోప్పడకండమ్మా. కంపెనీలో మీ డ్యూటీల రికార్డు చూసే చెబుతున్నాను. పెళ్ళయిన ఆరేళ్ళలో మీరిద్దరూ ఒకచోట నిద్రపోయింది పదకొండు రాత్రులే.”

అంతసేపూ నేలచూపులు చూస్తున్న పైడిరాజు తలెత్తాడు.

“పన్నెండు,” అన్నాడు. “తుపానుకి మీ మిషన్లన్నీ ఆగిపోయిన రాత్రి మీ రికార్డుకెక్కలేదు. పదవే గౌరీ, ఇంకో షాపు సూద్దాం.”