మూత ఊడని జాడీ

ఇప్పుడు ప్రతి పచ్చడి జాడీ మూతకూ కామెర్ల పట్టీ ఉంటుంది. దానికి ఎంగిలి తగిలిస్తే, కామెర్లు లేనివాళ్లకే మూత ఊడుతుంది. ఉన్నవాళ్లకు పట్టీ పసుపుపచ్చగా మారి మొరాయిస్తుంది.

శేషారత్నానికి కామెర్లొచ్చి చప్పిడి పత్యం పెట్టారు. పండుమిరప పచ్చడి దొరకకపోవడం కన్నా, తన వంటింట్లో తన జాడీయే తనను కాదనడం ఆమెకు ఎక్కువ అవమానంగా తోచింది.

"హిమజా, చారులో పులుపు చూడవే," అంది కోడలితో.

"పులుపు మీకెందుకు అత్తయ్యా?"

"నీకోసమేలేవే!"

హిమజ చెంచాతో చారు చప్పరించి, బట్టలు ఆరెయ్యడానికి మేడెక్కింది. శేషారత్నం వెంటనే ఆ చెంచాను పట్టీకి రాసింది. మూత కదల్లేదు. చెంచా తిరగేసి మళ్లీ రాసింది. పట్టీ పసుపుపచ్చగా మారింది.

శేషారత్నం స్టూలు మీద కూలబడింది. చెబితే దొంగతనం బయటపడుతుంది. చెప్పకపోతే, ఒంట్లో కామెర్లు పెట్టుకుని హిమజ సాయంత్రం గారెలు వండుకు తింటుంది. పత్యానికి తోడు దొరికిందన్న చిన్న సంతోషం కూడా లోపల ఎక్కడో కదిలింది. దానికి సిగ్గుపడి లేచి, మేడమెట్ల దగ్గరికి వెళ్లింది.

"బట్టలు వదిలేసి దిగిరావే! నన్ను తిట్టేదేదో మంచమ్మీద పడుకుని తిడుదువుగాని. ఇవాళ్టినుంచి నీకూ చప్పిడే!"