విమానానికి మూపురం

ఫోను పెట్టేసి ఆయన నవ్వుతున్నాడు. ఆయన భార్య మాత్రం నవ్వలేదు.

వైమానిక స్థావరం నుంచి నాలుగింటికి ఇద్దరు అధికారులు వస్తారట. ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చిన ఆయన బొమ్మ విమానాన్ని దగ్గరగా చూడాలట. ఎందుకో చెప్పలేదు. ఎందుకో చెప్పకుండా ఇంటికొచ్చే అధికారులు మంచికి రారని ఆవిడ నమ్మకం.

"ఆ మూపురం తీసెయ్యండి," అంది.

ఆయన కట్టుడు పళ్లు చేస్తాడు. రోజూ పళ్ల పని అయ్యాక అదే బల్ల మీద, అవే పనిముట్లతో, రెండేళ్లు కూర్చుని ఆ యుద్ధవిమానాన్ని డెబ్బై రెండో వంతు కొలతలో చేశాడు. ఆ రకం జెట్లు ఆరువందలకు పైగా ఉన్నాయి. పైలట్ వెనక, వీపు మీద ఎద్దుకున్నట్టు మూపురం ఉన్నవి మాత్రం ఏడంటే ఏడే. అందులో ఏముంటుందో బయటివాళ్లకు తెలియదు. పత్రికలో పడ్డ ఒక మసక ఫోటోను భూతద్దంతో చూసి, చిగుళ్లకు వాడే గులాబీ రంగు ముద్దతో ఆయన దాన్ని మలిచాడు. పైన బూడిద రంగు పూశాడు.

"మూపురం తీస్తే అందరి విమానంలాగే ఉంటుందే," అన్నాడు.

"అందరి విమానంలా ఉంటే, అందరి మొగుళ్లలాగే మీరూ ఇంట్లో ఉంటారు."

ఈ వయసులో తననెవరు పట్టుకుపోతారని, పట్టుకుపోయినా తిండి దండగని రేపే దింపిపోతారని ఆయన నవ్వేశాడు. గడ్డం గీసుకోవడానికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

గడియారం మూడుంబావు చూపిస్తోంది. వీధిలో ఏ బండి ఆగినా ఆవిడ కిటికీలోంచి తొంగిచూస్తోంది. ఎవరో 'ఒక్కసారి రండి' అని పిలిస్తే 'ఇప్పుడే వస్తా' అని వెళ్లి మళ్లీ రానివాళ్లు ఆవిడకు ఇప్పటికే ఇద్దరున్నారు, తండ్రీ అన్నా. ఆ వరసలో మూడోవాడు చేరడానికి వీల్లేదు.

బల్ల దగ్గర కూర్చుని ఆకురాయి తీసుకుంది. ముప్పయ్యేళ్లు ఆయన పక్కనే కూర్చుని పళ్లు నునుపు చేసిన చెయ్యి అది. మూపురం గులాబీ పొడిగా రాలింది. స్నానాల గదిలో కొళాయి ఆగినప్పుడల్లా ఆవిడ చెయ్యీ ఆగింది.

అడుగుకంటా వచ్చేసరికి కొత్త చిక్కు వచ్చిపడింది. మూపురం కదలకుండా ఆయన లోపల తీగ గుచ్చాడు. తీగ లాగితే విమానం వీపుకు చిల్లు పడింది. చిల్లు చూస్తే ఏదో పీకేశారని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. సొరుగులోంచి పలచటి రేకు తీసి గోరంత ముక్క కత్తిరించింది. చదరంగా ఉన్న ముక్క ఆ వంపు మీద కుదరలేదు. రెండు వైపులా ఏటవాలుగా కోసి, గాలిపటం ఆకారానికి తెచ్చి అంటించింది. రంగు వేసి, నోటితో ఊది ఆరబెట్టింది. పొడి తుడిచి, విమానం మీద గుడ్డ కప్పింది. చేతులు కడుక్కుంటూ ఉండగా వీధి తలుపు చప్పుడైంది.

వచ్చినవాళ్లలో ఒకాయన నెరిసిన మీసాల పెద్ద అధికారి. రెండో ఆవిడ వయసులో చిన్నది, చేతిలో సంచీ ఉంది. ఇద్దరూ మర్యాదగా కూర్చుని మంచినీళ్లు తాగారు. స్థావరంలో మ్యూజియం పెడుతున్నామని పెద్దాయన చెప్పాడు. అసలు విమానాలు ఏడే కాబట్టి ఒక్కటి కూడా ప్రదర్శనకు పెట్టలేరట. అందుకని ఈ నమూనాను అద్దాల పెట్టెలో, కింద చేసినవారి పేరుతో పెడతారట. సన్మానపత్రం కూడా సంచీలో ఉందట.

భూమి చీలి తనను మింగేస్తే బాగుండునని ఆవిడకు అనిపించింది.

కట్టుడు పళ్లాయన పొంగిపోతూ గుడ్డ తీశాడు. విమానం వీపు మీద మూపురం లేదు. తల తిప్పి భార్య వంక ఒక్కసారి చూశాడు. పదిమందిలో ఆవిణ్ణి ఏనాడూ ఒక మాట అనని మనిషి, ఇప్పుడూ అనలేదు.

పెద్ద అధికారి కళ్లజోడు పెట్టుకుని, వంగి, రేకు మీద వేలితో రాసి చూశాడు. మొహంలో నవ్వు పోయింది.

చిన్నావిడ కూడా వంగి చూసింది. "సార్, అసలు విమానానికి మూపురం విప్పి మనం ఈ రేకు వేసింది మొన్న మంగళవారమే కదా. ఆ షెడ్డు తాళం కూడా..."

పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. ఆమె లేచి వెళ్లి వీధి తలుపు గడియ పెట్టింది.

"ఆ షెడ్డులో ఉన్నది మేము నలుగురమే," అన్నాడాయన, గొంతు తగ్గించి. "ఆకారంతో సహా మీకెవరు చెప్పారు?"

కట్టుడు పళ్లాయన మళ్లీ భార్య వంక చూశాడు. అధికారి ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఒక్కసారి తమతో రావాలని, భయపడనక్కర్లేదని చెప్పాడు.

ఒక్కసారి. ఆ మాట చెవిన పడగానే ఆవిడ ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడింది.

"ఆయనకేం తెలీదు బాబూ. ఆయన గడ్డం గీసుకుంటుంటే నేనే చేశాను. మూపురం అరగదీసిందీ నేనే, రేకు కోసిందీ నేనే. నాకెవరూ చెప్పలేదు. ఆ ఆకారం నా బుర్రలోదే."

చెప్పేసి ఊపిరి పీల్చుకుంది. ఆయన ఇక ఎక్కడికీ వెళ్లడు.

అధికారి ఒకసారి రేకునూ, ఒకసారి ఆవిడనూ చూశాడు. తర్వాత ఆయన భుజం మీది చెయ్యి తీసేశాడు.

"అయితే చెప్పులు వేసుకోండమ్మా," అన్నాడు. "రావలసింది మీరు."