పెద్దమ్మ గొంతు

ముందే ఒప్పుకుంటున్నాను, ఈ ఇద్దరిలో నేను పెద్దమ్మ వైపు. నన్ను నమ్మినా సరే, మానినా సరే.

"ఇక్కడ సంతకం పెట్టు," అంటూ అతను, కంపెనీలో వాటా వదులుకునే కాగితాన్ని పెద్దమ్మ ముందుకు తోశాడు.

కంపెనీ ఇద్దరిదీ. వస్తువును గీసి, లోపలి యంత్రం తయారు చేయడం అతని పని. వాడే మనిషికి అది ఎలా ఉంటుందో చూడడం ఆమె పని. మందపాటి గ్లోవ్స్ తొడుక్కుని, మసక కళ్ళద్దాలు పెట్టుకుని, ముసలివాళ్ళలా ప్రతిదీ వాడి చూస్తుంది కాబట్టి ఇరవై తొమ్మిదేళ్ళకే పెద్దమ్మ అయిపోయింది.

"నన్ను గెంటేస్తున్నావా?"

"గెంటడం ఏంటే, తప్పుకోమంటున్నా. డిజైన్ నాది, మెషీన్ నాది. నువ్వు చేసేదల్లా చూసి, ఓకే చెప్పి, ఫ్యాక్టరీకి పంపడమేగా?"

"ఆ ఓకే రేపట్నుంచి మీ తాతొచ్చి చెప్తాడా?"

అతను నవ్వి లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. "మూడేళ్ళుగా నువ్వు నాకు పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ దీనికి నేర్పించా. నీ గొంతే, నీ మాటే. నువ్వు ఓకే అన్నది ఒక్కటి కూడా మార్కెట్లో దెబ్బ తినలేదు. నాకు కావాల్సింది అదే."

"నన్నో మాట అడగాలనిపించలేదురా?"

"అడిగితే ఇచ్చేదానివా?"

అతను స్క్రీన్ మీద కొత్త మందుల డబ్బా డిజైన్ తెరిచాడు. వేళకు మోగి, ఆ పూట మాత్రలున్న అర దగ్గర లైటు వెలిగే డబ్బా అది. పెద్దవాళ్ళ కోసం. పదివేలకు ఆర్డరు.

"ఎలా ఉంది పెద్దమ్మా?" అని అడిగాడు. ఆమెను కాదు, లాప్‌టాప్‌ను.

"అబ్బ, అదిరిందిరా! ఏమీ మార్చకు, పంపించేద్దాం," అంది లాప్‌టాప్. అచ్చం ఆమె గొంతే, చివర్లో ఆ చిన్న నవ్వుతో సహా.

పెద్దమ్మ స్క్రీన్ మీదికి వంగింది. "ఈ మూత అంచు... ఉండు, ఒక్కసారి నన్ను చూడనీ."

"ఇప్పుడే చూసేశావుగా!" అంటూ అతను బటన్ నొక్కేశాడు. "అయిపోయింది. ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. ఇక దేవుడు దిగొచ్చినా ఆగదు. ఆ ఏడుపు మొహం ఆపి సంతకం పెట్టు తల్లీ."

ఆమె సంతకం పెట్టింది. బ్యాగు భుజాన వేసుకుని, తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"బాగాలేదని ఒక్క మాటంటే నువ్వు రెండ్రోజులు అన్నం మానేస్తావని, ప్రతిదానికీ అదిరిందనే చెప్పేదాన్నిరా," అంది. "ఆ తర్వాత కూర్చుని, తప్పులన్నీ నేనే దిద్ది ఫ్యాక్టరీకి పంపేదాన్ని."