ఇస్త్రీ బండి కొక్కెం

బుడమేరు వాగు పొంగి మూడోసారి బెజవాడ వీధుల్లోకి వచ్చిన ఏడాది, ఇస్త్రీ బండి గురవయ్య మీద కేసు పడింది.

అప్పటికి పోలీసులు వీధివీధినా తమ స్తంభం పాతి, దాని మీద కెమెరా కన్ను పెట్టారు. ఏ వస్తువైనా ఎవరి చోట గంట దాటి ఉంటే, అది ఆ చోటు గలవాళ్ల స్వాధీనంలో ఉన్నట్టే ఆ కన్ను రాసుకుంటుంది.

గురవయ్యకు నలభై ఏళ్ల అలవాటు ఒకటుంది. ఇస్త్రీకి ముందు జేబులు తడిమి, దొరికింది బండి కొక్కేనికి తగిలించి, బట్టలతోపాటు తిరిగి ఇచ్చేస్తాడు. ఆ రోజు ఒక చొక్కాలో దొరికి, కొక్కేనికి గంట దాటి వేలాడిన పొట్లంలో ఉన్నవి మత్తు బిళ్లలు. చొక్కా ఇచ్చినాయన పొట్లం తనది కాదన్నాడు.

స్టేషన్లో కానిస్టేబుల్ నాంచారమ్మ, వాళ్ల వీధి పిల్లే, మెల్లగా చెప్పింది. “పొట్లం సంగతే తెలీదను బాబాయ్. తెలీకపోతే నేరం కాదు.”

“నేనే తీసి తగిలించాను గదమ్మా, తెలీదని ఎట్టా చెప్పేది?”

“నీ నిజం పాడుగాను! పోనీ, కొక్కెం నీది కాదను.”

“బండి నాదైతే కొక్కెం ఎవరిదమ్మా?”



మొదటి తప్పని వదిలారు. ఇంకోసారి బండి మీద అలాంటిది కనబడితే బండే పోతుందన్నారు. గురవయ్య తిరిగి బండి దగ్గరికి వచ్చాడు. జేబులు తడమకుండా ఇస్త్రీ చేయడం ఆయన చేతులకు రాదు.

మర్నాడు పొద్దున్నే బండి కొక్కెం ఊడదీసి, పక్కనే ఉన్న పోలీసు స్తంభానికి, సరిగ్గా కన్ను కింద, తీగతో గట్టిగా కట్టాడు. మొదటి చొక్కాలో దొరికిన తాళంచెవి దానికి తగిలించి, బొగ్గులు రాజేశాడు.