చెప్పని దారి

"రేపు ఏ కొండకి బాబూ?"

గాస్పార్ గభాలున పటం మీద చెయ్యి పరిచాడు.

అడిగింది కొండ కింది బసలో, ఎదురు బల్ల దగ్గర సూపులో రొట్టె ముంచుకుంటున్న ముసలాయన. టోపీకి ఈక ఉంది. సరిహద్దు అవతలి ఇటలీ మనిషి.

"గొర్రెవీపుకి తాతా," అన్నాడు గాస్పార్ తడుముకోకుండా.

"ఇద్దరేనా? తిరిగి ఎప్పుడొస్తారు?"

"మధ్యాహ్నానికల్లా దిగొచ్చి నీ పక్కనే కూర్చుంటాం. సరేనా?"

ముసలాయన తలూపి మళ్ళీ గిన్నెలోకి వంగాడు.

పక్కనున్న స్నేహితుడు మార్సెలిన్ గొంతు తగ్గించాడు. "అబద్ధం ఎందుకురా? పెద్దాయన ఏదో మాటవరసకి అడిగితే!"

"మాటవరసకా? ఆ టోపీ చూడు. ఎలియో ఊరివాళ్ళు పెట్టుకునేది. మన గుట్టు లాగడానికి పంపించి ఉంటాడు."

నల్లకోర శిఖరానికి ఉత్తరాన నిలువెత్తు మంచుగోడ ఉంది. అటునుంచి ఇంతవరకూ ఎవరూ ఎక్కలేదు. గాస్పార్‌కి ఏళ్ళుగా అదే ధ్యాస. ఇటలీ వైపు ఎలియోకీ అదే పిచ్చి. పోయిన వేసవి నుంచి ఎలియో అలికిడి లేదు. లోపాయికారీగా సిద్ధమవుతున్నాడని గాస్పార్ అనుమానం. వాడు ముందెక్కేస్తే ఇక తన పేరు ఎవరిక్కావాలి?

"పోనీ, బస చూసుకునే ఒడీల్ అక్కకైనా నిజం చెబుదాం," అన్నాడు మార్సెలిన్.

"ఆవిడకి చెప్పడమూ, చాటింపు వేయించడమూ ఒకటే."

ఇంకా తెల్లారకముందే ఇద్దరూ నల్లకోర దారి పట్టారు.

గోడ సగానికి ఎక్కాక గాస్పార్ ఆగిపోయాడు. బండ పగుల్లో దిగ్గొట్టిన మేకు. దానికి వేలాడుతున్న ఎర్ర తాడు.

"వాడిదే! ఎర్ర తాడు ఎలియో తప్ప ఎవడూ వాడడు. ఎక్కేశాడు, దొంగ వెధవ!"

"రంగు వెలిసిపోయింది చూడు. పాతది. అయినా పైకి ఎక్కినవాడు తాడు వదిలేసి పోతాడా?"

గాస్పార్ వినిపించుకోలేదు. ఏడుపొక్కటే తక్కువ.

అంతలో గాలి లేచింది. కళ్ళు తెరవనివ్వని మంచు తుఫాను. ఎలాగో పక్కకి జరిగి, అవతలి లోయలోకి దిగి, ఓ గొడ్లపాకలో తలదాచుకున్నారు. మర్నాడు సాయంత్రానికి గాని బసకి చేరలేకపోయారు.

వాళ్ళని చూసి ఒడీల్ చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది.

"బతికే ఉన్నారా! ఎక్కడికి పోయారురా ఇంతసేపూ?"

"నల్లకోరకి అక్కా. ఆ ఈకటోపీ ముసలాయన ఏడీ? మీవాడే గెలిచాడని చెప్పాలి," అన్నాడు గాస్పార్ ఉక్రోషంగా.

ఒడీల్ పక్కగది తలుపు వైపు చూసింది. లోపల ఎవరో మెల్లగా ప్రార్థన చదువుతున్నారు.

"మధ్యాహ్నానికి వస్తామన్నారట కదా మీరు. రాకపోయేసరికి ఆయన కాలు నిలవలేదు. గాలి తగ్గాక అందరం వెళ్దాం తాతా అని ఎంత బతిమాలినా వినలేదు. రెండు దుప్పట్లు భుజాన వేసుకుని గొర్రెవీపుకి పోయాడు. మంచులో బిగుసుకుపోయిన ఆయన్ని ఈ పొద్దున మోసుకొచ్చారు."

గాస్పార్‌కి సిగ్గు వేసింది. భయం వేసింది. మార్సెలిన్ మొహం చూడలేకపోయాడు.

"మాకోసమా? మేం ఆయనకి ఏమవుతామని? అసలు ఎవరక్కా ఆయన?"

ఒడీల్ కళ్ళు తుడుచుకుంది.

"ఏడాదిగా ఈ కొండల్లో ప్రతి బసకీ వెళ్ళి, వచ్చేపోయే వాళ్ళందరినీ ఏ కొండకి, తిరిగి ఎప్పుడని అడుగుతూ వచ్చాడు. ఇంకే తల్లిదండ్రులకీ తనలాంటి గతి పట్టకూడదని. పోయిన వేసవిలో ఎవరికీ చెప్పకుండా కొండెక్కి, తిరిగి రాని కొడుకుని ఎక్కడని వెతకాలో తెలీక తిరిగిన తండ్రి నాయనా, ఎలియో వాళ్ళ నాన్న."