కళ్లజోడులో అమ్మ

మొదట్లో చిట్టబ్బాయి చేతిలో ఉన్నవి ఒక పాత పడవ, గోదారి మింగేసిన లంకలో అమ్మ అరుగు మీద కొబ్బరితాడు పేనుతున్న ఒక వీడియో. ఆ వీడియోను నకలైనా ఉంచుకోకుండా వారసత్వ యాత్రల కంపెనీకి రాసిచ్చాడు. ఇప్పుడు పడవెక్కినవాళ్లు కంపెనీ ఇచ్చే కళ్లజోడు పెట్టుకుంటే నీళ్ల మీద లంకంతా లేచి నిలుస్తుంది.

చాలా ఏళ్లకు చెల్లెలు బుల్లెమ్మ పోయిన అమ్మను కళ్లజోడులోనైనా చూడాలని పడవెక్కింది.

“అమ్మ ఏదన్నయ్యా? అరుగు మీద ఈ పడుచెవరు?”

“అమ్మేనే. ముసలిదాన్నెవరు చూస్తారని కంపెనీవాళ్లు వయసు తగ్గించారు.”

“బాగానే కుదిర్చావు బేరం. అసలు ముఖం ఎలా ఉండేదో చెప్పు మరి.”

చిట్టబ్బాయి కళ్లు మూసుకుని వెతికాడు. రోజూ పడవలోంచి చూసే ఆ పడుచే నవ్వుతూ ఎదురొచ్చింది.

లెక్క తేలింది. మిగిలింది వీడియోకు బదులు కంపెనీ ఇచ్చిన కొత్త ఇంజన్ పడవ, ఎవరిదో తెలియని ఆ నవ్వు.