అంచున నీడ

"కుడి భుజం బాగా వాలింది పెద్దాయనా. చొక్కా ఆ పక్కకే జారుతుంది," అన్నాడు టైలర్, టేపు తీస్తూ.

"బరువు మోసి మోసి అలా అయిపోయింది బాబూ."

ముసలాయన కళ్లు గోడ వదల్లేదు. గోడనిండా పాత రైలింజన్ల ఫొటోలు.

"ఇంజన్లకి కూడా చొక్కాలు కుడతావా?" అని వచ్చినవాళ్లంతా వేళాకోళమాడేవాళ్లు.

టైలర్ వెతికేది ఇంజన్ని కాదు, నాన్నని. పొత్తిళ్లలో ఉండగానే వదిలేసి పోయిన మనిషి. "రైల్వేలో పని. కొత్త ఇంజను ఎక్కడుంటే అక్కడుండేవాడు," అంతే చెప్పింది అమ్మ. ఇంట్లో ఒక్క ఫొటో లేదు.

అందుకే పాతసామాన్ల కొట్లో దొరికిన ప్రతి ఫొటో కొనేవాడు. డ్రైవర్ల మొహాలూ, బొగ్గు వేసేవాళ్ల మొహాలూ భూతద్దంతో చూసి, అద్దంలో తన మొహంతో పోల్చుకునేవాడు. ఒక్కటీ కలవలేదు.

ఆ రోజు కొత్త ఫొటో బల్లమీదుంది. కింది అంచున, తీసినవాడి నీడ. అంచు బాగోకపోతే టైలర్ చెయ్యి ఊరుకోదు. కత్తెరతో తీసేశాడు.

"అయ్యో, ఎందుకు కోశావు బాబూ?"

"అన్నిట్లోనూ ఇదే గోల! తీసినవాడెవడో బుర్రలేనివాడు."

"నిజమే," ముసలాయన గొంతు తగ్గింది. "వాడికీ ఫొటోలో ఉండాలనిపించిందేమో."

"ఉంటే మొహంతో ఉండాలి. నీడ నేనేం చేసుకోను? చొక్కా శనివారం ఇస్తాను. ఇక బయల్దేరండి, పనుంది."

ఆయన ఏదో చెప్పబోయి, గుమ్మం దిగిపోయాడు.

శనివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

పాతసామాన్ల కొట్టతను వచ్చి, కొక్కేనికున్న చొక్కా చూసి ఆగిపోయాడు.

"ఇది ఆ భుజం వాలినాయనదేనా? పోయారండీ పాపం. ఆసుపత్రిలో, ఒక్కరే."

"నీకు తెలుసా ఆయన?"

"భలేవారే! మీకమ్మిన ఫొటోలన్నీ ఆయన తెచ్చిచ్చినవే. రైల్వేకి ఫొటోలు తీసేవారు. కెమెరా పెట్టె మోసి మోసే ఆ భుజం అలా అయింది. 'ఆ అబ్బాయికి తప్ప ఎవరికీ ఇవ్వకు' అనేవారు. మీరే వెళ్లి ఇవ్వొచ్చుగా అంటే, 'పొత్తిళ్లలో వదిలేసొచ్చాను, ఏ మొహం పెట్టుకుని వెళ్లను?' అన్నారు. ఎవర్నో ఏమిటో, నేనడగలేదు."

టైలర్ చెత్తబుట్ట బోర్లించాడు. గుడ్డపీలికలు తప్ప ఏమీ రాలలేదు.

గోడమీద ఫొటోల అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయి.

అతను వెతికిన నాన్న ప్రతి ఫొటోలోనూ వాలిన భుజంతో నిలబడే ఉన్నాడు, ప్రతిసారీ తనే కత్తిరించి ఊడ్చేశాడు.